వీరేశం వాపసు తెచ్చిన స్టాంపులు

ఆ మంగళవారం పొద్దున వీరేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు శుభలేఖలు పోస్టు డబ్బాలో వేసి, తొమ్మిదింటికల్లా డిపోకి చేరుకోవాలి. అంతే. ఆ రెండు పనుల్లో రెండోదే కష్టమని అతను అనుకున్నాడు.

వీరేశం మహబూబ్‌నగర్ బస్సు డిపోలో కంట్రోలర్. అది 2016 ఆగస్టు. మూడు రోజుల్లో కృష్ణా పుష్కరాలు మొదలు కాబోతున్నాయి. ఏ రేవుకి ఎన్ని బస్సులు, ఏ బస్సుకి ఏ డ్రైవరు అని తెల్లారకముందు నుంచే ఫోన్లు వస్తున్నాయి. అతని భార్య స్వరూప ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. ఊరి చివర కొత్త కాలనీలో ఇద్దరూ కలిసి కట్టుకున్న చిన్న ఇంటికి నెలాఖరు ఆదివారం గృహప్రవేశం. ఇల్లు చిన్నది కాబట్టి భోజనాలు యాభై మందికి మించకూడదని ముందే గట్టిగా అనుకున్నారు.

ఊళ్ళో ఉన్నవాళ్ళను ఇద్దరూ ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. దూరాన ఉన్న నలుగురికి మాత్రం పోస్టులో కార్డు పంపుదామనుకున్నారు. కార్డు అసలు రాకపోతే ఏడాదంతా నిష్ఠూరాలాడేవాళ్ళు, కార్డు మాత్రమే వస్తే "పేరుకు పిలిచిండ్రు" అని ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. ఈ నలుగురూ అలాంటివాళ్ళు. కవర్ల మీద చిరునామాలు స్వరూప తన గుండ్రటి చేతిరాతతో రాసి పెట్టింది.

"సొరుగుల స్టాంపులు ఉన్నయి చూడు. పెట్టి డబ్బాల ఎయ్యి" అని వంటింట్లోంచి చెప్పింది. ఆ తర్వాత ఇంకా ఏదో చాలాసేపు చెప్పింది. సరిగ్గా అప్పుడే డిపో నుంచి ఫోను వచ్చింది. వీరేశం "ఊఁ, ఊఁ" అంటూ పోయాడు. వాటిలో ఎన్ని భార్యకు చెందినవో, ఎన్ని డిపో మేనేజరుకు చెందినవో అతనికే తెలియదు.

సొరుగులో రెండు పొట్లాలున్నాయి. ఒకదాంట్లో మామూలు స్టాంపులు. రెండోదాంట్లో రియో ఒలింపిక్స్ పేరుమీద అప్పుడే విడుదలైన నాలుగు రంగురంగుల స్టాంపులు: కుస్తీ, బాక్సింగ్, షూటింగ్, బ్యాడ్మింటన్. శుభకార్యం కదా, కాస్త కళగా ఉంటుందని వీరేశం రెండో పొట్లం విప్పాడు. కవరుకొకటి చొప్పున అంటించి, దారిలో డబ్బాలో వేసి, నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

స్వరూప స్టాంపులు సేకరిస్తుంది. అన్నీ కాదు, ఆటల పోటీలకు విడుదలయ్యేవి మాత్రమే. ఆమె నారాయణపేటలో చీరలు నేసే ఇంట్లో పుట్టింది. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగిన సంవత్సరం ఆమెకు పదేళ్ళు. చీరల సేటు దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం మీది ఆటల బొమ్మను వాళ్ళ బాపు ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఒక్కటీ పెరిగి పెరిగి ఇప్పటికి ఏడు ఆల్బములైంది. రెండు నెలల కింద వీరేశం వేడివేడి పప్పుగిన్నె దించడానికి కింద పెట్టుకున్నది అందులో మూడోది. నాలుగు రోజులు ఇంట్లో మాటలు లేవు. ఐదో రోజు నుంచి ఆల్బములు బీరువాలో, బీరువా తాళంచెవి స్వరూప హ్యాండ్‌బ్యాగులో ఉంటున్నాయి.

అందుకే బుధవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న వీరేశం, లోపల భార్య ఫోన్లో అంటున్న మాటలు విని, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు. నల్లగొండలో రమ అని ఆమె స్నేహితురాలుంది. ఆమెకూ ఇదే పిచ్చి.

"లేవు రమా, ఇచ్చెతందుకు నా దగ్గర లేవు" అంటోంది స్వరూప. "ఒలింపిక్స్‌వి ఉన్నది ఒక్క సెట్టే. పానం లెక్క దాచుకున్న. ఎవలన్న ముట్టుకుంటే మాత్రం ఈసారి ఊకోను."

వీరేశం రెండో చెప్పు కూడా మళ్ళీ తొడుక్కుని, పాల ప్యాకెట్ తెస్తానని చెప్పి బయటికొచ్చేశాడు. ఆల్బం చూసి నిజమేదో తేల్చుకుందామంటే తాళంచెవి లేదు. నేరుగా అడుగుదామంటే పప్పుగిన్నె కళ్ళముందు ఆడింది. పోస్టాఫీసుకు పరుగెత్తాడు. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. ఉత్తరాలు నిన్న మధ్యాహ్నమే సంచుల్లో వెళ్ళిపోయాయని, ఈపాటికి ఎవరి ఊళ్ళో వాళ్ళకు అందే ఉంటాయని చెప్పి, తను చేయగలిగింది ఏమీ లేనందుకు విచారం కూడా వెలిబుచ్చాడు.

తిరిగి వస్తూ వీరేశం లెక్క వేసుకున్నాడు. ముద్ర పడ్డా స్టాంపు స్టాంపే. ఆమె ఆల్బముల్లో సగానికి పైగా ముద్ర పడ్డవే. నాలుగిళ్ళకు వెళ్ళి, నాలుగు కవర్లు అడిగి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, సొరుగులో పెట్టేస్తే సరి. చేతిలో ఎటూ ఆర్టీసీ పాసు ఉంది. డిపోలో తోటి కంట్రోలరుతో డ్యూటీలు మార్చుకుని, భార్యకు పుష్కరాల డ్యూటీ అని చెప్పవచ్చు.

మర్నాడే రామన్నపేట బస్సెక్కాడు. అక్కడ ఉండేది కాటమయ్య. వీరేశానికి పెదనాయిన కొడుకు, కూరగాయల వ్యాపారి. వాకిట్లో వీరేశాన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నిన్ననే కార్డు ముట్టింది తమ్మీ" అన్నాడు. "పేరుకు పంపిండ్రు, పోయేది లేదని మీ వదినతోటి అన్న. గిట్ల నువ్వే వస్తవనుకోలే."

తాను వచ్చింది కవరు కోసమని చెప్పడానికి వీరేశం నోరు తెరిచాడు. ఈలోపల కాటమయ్య భార్య నర్సింగమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, గొంతులో టీ పోసింది. టీ అయ్యాక కాటమయ్య అతని చేయి పట్టుకుని వాడకట్టులో ఆరిళ్ళు తిప్పాడు. ఇంత దూరం పిలవడానికి వచ్చినవాడు పక్కింటివాళ్ళను పలకరించకుండా పోతే బాగుండదట. ప్రతి గడపలోనూ "మా తమ్ముడు, గృహప్రవేశానికి పిలువ వచ్చిండు" అని ఆయనే చెప్పాడు. అందరూ తప్పక వస్తామన్నారు. చివరికి వీరేశం, పిన్‌కోడు తప్పు రాశానేమో చూసుకుంటానని గొణిగి కవరు సంపాదించాడు. ఇంత పట్టింపు ఉన్న మనిషిని ఇన్నాళ్ళూ అర్థం చేసుకోలేదని కాటమయ్య నొచ్చుకున్నాడు. బస్సులో కూర్చుని వీరేశం కుస్తీ స్టాంపు చూసుకుంటూ, వంటకు మాట్లాడిన బిక్షమ్మకు ఫోను చేసి యాభైని ఎనభై చేయమన్నాడు.

రెండోది దేవరకొండలో నాగేందర్ ఇల్లు. అతనూ వీరేశమూ ఒకప్పుడు ఒకే బస్సులో కండక్టరు, డ్రైవరు. నాగేందర్ ఇల్లాలు కవరు వెనక కిరాణా సామాను రాసుకుంది. సామాను ఇంకా తేలేదు కాబట్టి కవరు ఇవ్వనంది. వీరేశం బల్ల ముందు కూర్చుని, కందిపప్పు నుంచి అగరుబత్తుల దాకా పదిహేడు వస్తువులు వేరే కాగితం మీద ఎక్కించి ఇచ్చి, బాక్సింగ్ స్టాంపును విడిపించుకున్నాడు. ఆలోపల నాగేందర్ ఊళ్ళో ఉన్న పాత సిబ్బందినంతా ఫోన్లు చేసి పిలిపించాడు. వీరేశం స్వయంగా వచ్చి పిలుస్తున్నాడంటే రిటైరైనవాళ్ళు కూడా కదిలి వచ్చారు. బిక్షమ్మకు మళ్ళీ ఫోను వెళ్ళింది.

"నూట ఇరవయ్యా" అంది బిక్షమ్మ. "అన్నా, ఇల్లు గూడ పెరుగుతాందా, మనుషులేనా?" అని అడిగింది.

మూడో ఊరు మక్తల్. అక్కడ స్వరూప మేనత్త మల్లమ్మ ఒక్కతే ఉంటుంది. కనీసం ఇక్కడైనా మనిషి ఒక్కరే కదా అని వీరేశం ధైర్యంగా వెళ్ళాడు. అయితే అప్పటికి పుష్కరాలు మొదలయ్యాయి. కృష్ణలో మునగడానికి వచ్చిన చుట్టాలంతా మల్లమ్మ ఇంట్లోనే దిగారు. వసారాలో, అరుగు మీద, బండ్ల కింద కలిపి నలభై మందికి తక్కువ లేరు. మల్లమ్మ అందరినీ లోపలికి పిలిచి, అల్లుడు పిలుపుకు వచ్చాడని చెప్పి, ఒక్కసారిగా అందరికీ బొట్టు పెట్టించింది. నలభై మందికి బొట్టు పెట్టేసరికి వీరేశం వేలు కుంకుమలో మునిగి ఎర్రబడింది. కవరు దీపాల నూనె సీసా కింద ఉంది.

"నూనె కాయితం నీకెందుకు బిడ్డా?" అంది ముసలమ్మ.

"గుర్తుంటది అత్తా" అన్నాడు వీరేశం. అంతకంటే మంచి కారణం దొరకలేదు. మల్లమ్మ కళ్ళు తుడుచుకుని, గుర్తుగా ఇంకో సీసా నూనె కూడా ఇచ్చి పంపింది.

షూటింగ్ స్టాంపుకు ఒక మూల జిడ్డు మరకతో అతను ఇంటికి చేరేసరికి స్వరూప గడపలోనే నిలబడి ఉంది. ముఖం చూస్తే అంతా తెలిసిపోయిందని అర్థమైంది. వీరేశం నూనె సీసా కింద పెట్టి, ఏ శిక్షకైనా సిద్ధమన్నట్టు నిలుచున్నాడు.

"నర్సింగమ్మక్క ఫోన్ చేసింది. మల్లమ్మత్త గూడ చేసింది" అంది స్వరూప. గొంతు మెత్తగా ఉంది. "పుష్కరాల డ్యూటీ అని నాతోని చెప్పి, ఇల్లిల్లు తిరిగి పిలుస్తున్నవా? నాకెందుకు చెప్పలే?"

ఆ రోజు పళ్ళెంలో నెయ్యి ఎక్కువ పడింది. అతను అన్నం కలుపుకుంటుండగా ఆమె ఎదురుగా కూర్చుని, "మా అన్న దగ్గరికి గూడ పోతవా?" అని అడిగింది. వీరేశం ముద్ద మింగి తలూపాడు. నాలుగో కవరు అక్కడే ఉంది కాబట్టి అబద్ధం చెప్పినట్టూ కాలేదు.

స్వరూప అన్న పరమేష్ నారాయణపేటలో ఇప్పటికీ మగ్గం నేస్తాడు. అతనికీ వీరేశానికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. పరమేష్ కూతురి పెళ్ళినాడు దారిలో బస్సేదో ఆగిపోయిందని డిపో నుంచి ఫోను వస్తే, వీరేశం విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. చెల్లెలి మొగుడు తిండి ముట్టకుండా పోయాడని పరమేష్‌కు పదిమందిలో తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. స్వరూప ప్రతి రాఖీ పున్నానికి దారం కొని, సొరుగులో పెట్టి మూసేసేది. ఇంకో రెండు రోజుల్లో మళ్ళీ రాఖీ పున్నం.

ఈ ఊరిని వీరేశం చివరికి ఉంచుకున్నది భయంతోనే. లోపలికి వెళ్ళేసరికి పరమేష్ గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. చూశాడు, తల దించుకున్నాడు, ఇంకో పది పోగులు నేశాడు. తర్వాత చేతులు ఆపాడు.

"ఆరేండ్లు" అన్నాడు. "కార్డు వచ్చింది. కార్డు చూసి పోవద్దనుకున్న. పిలిచెటోడు ఇంటికొచ్చి పిలువాలె అని కూసున్న." తలెత్తి చూశాడు. "వచ్చినవు."

వీరేశానికి తాను ఎందుకు వచ్చాడో ఆ క్షణం నిజంగానే గుర్తు లేదు. "తప్పు నాదే బావా" అన్నాడు. "ఆనాడు ఒక్క బుక్క తిని పోవాల్సి ఉండె." ఈ మాట ఆరేళ్ళుగా లోపల ఉందని అతనికే తెలియదు. పరమేష్ మగ్గంలోంచి పైకి వచ్చి అతన్ని పట్టుకున్నాడు. ఆ తర్వాత వడ్డన మొదలైంది. ఆనాటి భోజనమూ ఈనాటి భోజనమూ కలిపి ఒకేసారి పెట్టారు. వీరేశం ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. మగ్గాల వీధిలోని వాళ్ళంతా వచ్చి చూసిపోయారు. రెండు బస్సులు మాట్లాడుకుని వస్తామని వాళ్ళే తీర్మానించుకున్నారు.

చేయి కడుక్కున్నాక గుర్తొచ్చింది. కవరు గోడ మీద, చనిపోయిన మామగారి ఫోటో చట్రం అంచున దోపి ఉంది. బ్యాడ్మింటన్ స్టాంపు, దాని మీద గుండ్రంగా మహబూబ్‌నగర్ ముద్ర.

"బావా, గా కవరు జర ఇస్తవా?"

"ఎందుకు?"

పిన్‌కోడు, గుర్తు, ఏదీ నోటికి రాలేదు. "ఊకెనే" అన్నాడు వీరేశం.

"ఇయ్య" అన్నాడు పరమేష్. "చెల్లె చేతిరాత గది. ఆరేండ్లకు వచ్చింది. కావాల్నంటె లోపటి కార్డు తీస్కపో."

వీరేశం తమ శుభలేఖను తానే జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు.

మూడు స్టాంపులైనా చాలనుకుని, డిపో విశ్రాంతి గదిలో స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి కవరు ముక్కలు నానబెట్టాడు. కాగితం నుంచి విడిపోయిన స్టాంపులను బస్సుల టైంటేబుల్ పుస్తకం మధ్య పెట్టి ఆరబెట్టాడు. మిగిలిన కవరు కాగితాన్ని చింపి పారేశాడు. అంచుల్లో ఎక్కడా పన్ను విరగకుండా మూడూ చక్కగా వచ్చాయి. నాలుగోది ఎలుకలు కొట్టేశాయని చెప్పాలని నిశ్చయించుకుని, సొరుగులో పాత పొట్లంలోనే పెట్టేశాడు. ఈలోగా రాఖీ పున్నం నాడు స్వరూప నారాయణపేట వెళ్ళి దారం కట్టి వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఏడవడంతోనే సరిపోయి, గోడ మీద ఏముందో ఆమె చూడలేదు. బిక్షమ్మకు ఐదోసారి ఫోను చేసినప్పుడు ఆమె లెక్క అడగడం మానేసి, ఎన్ని డేగిశాల అన్నం అని మాత్రం అడిగింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగేసరికే వీధి నిండింది. రామన్నపేట నుంచి కాటమయ్య మనుషులతో పాటు ట్రాలీ ఆటో నిండా వంకాయలు, సొరకాయలు తెచ్చాడు. దేవరకొండ నుంచి వచ్చిన పాత డ్రైవర్లు ఎవరూ చెప్పకుండానే వీధిలో బండ్లు నిలిపే పని చేతిలోకి తీసుకున్నారు. మల్లమ్మ పుష్కరాల చుట్టాలు కత్తిపీటలు పట్టుకుని కూరగాయల ముందు కూర్చున్నారు. యాభై మంది రావలసిన ఇంటికి మూడు వందల మంది వచ్చారు. ఎదురింటివాళ్ళు తమ వాకిలి ఇచ్చారు, పక్క ఖాళీ జాగాలో టార్పాలిన్ లేచింది. స్వరూప ముఖంలో వీరేశం పెళ్ళినాడు కూడా చూడని వెలుగుంది.

మొదటి వరుస భోజనాలకు కూర్చోగానే ఆమె కాటమయ్య దగ్గరికి వెళ్ళింది.

"బావా, కార్డు వచ్చిన కవరు ఇంట్ల భద్రంగ ఉన్నదా? నాకు కావాలె."

"మీ ఆయన ఆనాడే పట్కపోయిండు గద" అన్నాడు కాటమయ్య.

స్వరూప నాగేందర్‌ను అడిగింది. మల్లమ్మను అడిగింది. ముగ్గురూ ఒకే వైపు చూపించారు. ఆ వైపున అన్నం డేగిశా వెనక వీరేశం నిలబడి ఉన్నాడు. ఇక ఎలుకల కథ పనిచేయదని అతనికి తెలిసిపోయింది. సొరుగు దగ్గర మొదలుపెట్టి స్టీలు గిన్నె దాకా అంతా చెప్పేశాడు. స్వరూప వింటూ వింటూ అక్కడున్న బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది.

"సెట్టు బీరువాలనే ఉన్నది" అంది. "ఇంకో సెట్టు కొన్నదే కవర్లకు పెట్టెతందుకు. ఆ రంగురంగులవే పెట్టు, ముందట మన ఊరి ముద్ర, ఎనుక ఆ ఊర్ల ముద్రలు పడుతయి, తర్వాత కవర్లు నేనడిగి తీస్కుంట అని ఆనాడు అంత చెప్పిన. ఊఁ అన్నవు." నుదురు కొట్టుకుంది. "కవరు మీద ఉంటెనే దానికి విలువ. నానబెట్టి తీస్తె ఏమున్నది?"

వీరేశం స్టాంపుల పన్ను ఒక్కటీ విరగలేదని చెబుదామనుకుని మానుకున్నాడు.

"అయితే నువ్వు తిరిగింది పిలుపుకు కాదు" అంది ఆమె నెమ్మదిగా. "మా అన్న దగ్గరికి పోయింది గూడ—"

సరిగ్గా అప్పుడు నారాయణపేట బస్సులు రెండూ వచ్చి ఆగాయి. ముందు పరమేష్ దిగాడు. ఒక చేతిలో తాను నేసిన పట్టుచీర, రెండో చేతిలో గుడ్డ చుట్టిన అద్దాల చట్రం. గుడ్డ విప్పాడు. లోపల కవరు, ఒక మూల కూడా మడత పడకుండా ఉంది. చెల్లెలి చేతిరాత, బ్యాడ్మింటన్ స్టాంపు, దాని మీద తేదీతో సహా గుండ్రటి ముద్ర.

"చెల్లెకు చూపెడదామని తెచ్చిన" అన్నాడు పరమేష్. "బావా, నువ్వే వచ్చి పిలిచినవు. ఈ కవరు నా ఇంట్ల ఉండాలె. నా తర్వాత నా బిడ్డ ఇంట్ల ఉండాలె."

స్వరూప ఆ స్టాంపు వంక చూసింది. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద, ఎంత పొందికగా పడాలో అంత పొందికగా పడింది. ముప్పై నాలుగేళ్ళ సేకరణలో ఇంత చక్కటిది ఆమెకు దొరకలేదు. తర్వాత అన్న ముఖం చూసింది. చట్రాన్ని గుడ్డలో చుట్టి అతని చేతిలోనే పెట్టి, లోపలికి తీసుకెళ్ళి తానే విస్తరి వేసింది. వడ్డన కోసం బయటికి వచ్చినప్పుడు మొగుడి పక్కన ఒక్క నిమిషం ఆగింది.

"ఎందుకు పోయినవో గా ముచ్చట అన్నకు చెప్పకు" అంది. "నాకు గూడ చెప్పనట్టే అనుకుంట."

ఆ రోజు నాలుగు వరుసల భోజనాలు నడిచాయి. పరమేష్ పక్కన కూర్చుని వీరేశం రెండుసార్లు తిన్నాడు. డిపో నుంచి మూడు ఫోన్లు వచ్చాయి, తీయలేదు.

మర్నాడు స్వరూప బీరువా తెరిచి, ఆల్బములో ఒలింపిక్స్ సెట్టు ఎదుటి పేజీలో, జిడ్డు మరకదానితో సహా మూడు స్టాంపులను వరుసగా పెట్టింది. నాలుగో గడి ఖాళీగా వదిలి, పేజీ అడుగున గుండ్రటి చేతిరాతతో వివరం రాసుకుంది: "మూడు మా ఆయన ఉతికినవి, ఒకటి మా అన్న ఇయ్యనిది."